అమోనియా ప్రతులు: అందలి బొమ్మ దోషములు, వాని నిదానము

(పరవాడ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమనగా గ్రంథముల యిల్లని చెప్పుట వాడుక. విచారించి చూచినచో అది ప్రతుల యిల్లు. కవి స్వహస్తముతో వ్రాసిన తాటాకు ఏ బీరువాయందును లేదు. దానికి ప్రతి, ఆ ప్రతికి మఱియొక ప్రతి, దానినిబట్టి అచ్చు, ఈ విధముగా వచ్చినదే నేడు చదువరి చేతిలోనున్నది. గ్రామపటముల సంగతియు నిట్టిదే. కొలతదారుడు గొలుసు లాగి గీచిన మూలపటము సర్వే కార్యాలయపు పెట్టెలోనుండును. రైతు చూచునది దాని ప్రతిని. కావున ప్రతి యెట్లు చెడునో తెలిసికొనుట పండితునికిని రైతునకును సమానముగా అవసరము.

చేతివ్రాత ప్రతులలోని తప్పులను గూర్చి పెద్దలు చాల వ్రాసియున్నారు. లేఖకుడు పంక్తి దాటవేయును; ఒకే మాట రెండు చోట్ల వచ్చిన నడుమ భాగమును మ్రింగివేయును; తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దును. యంత్రము తీసిన ప్రతి యిట్టి తప్పులు చేయదని అందఱి నమ్మకము. యంత్రము మాటలను దిద్దదనుట నిజమే. కాని గీతలను తినును, లేని గీతలను పుట్టించును, రెండు రంగులను ఒక్కటి చేయును. లేఖకుడు తప్పు చేసినచో అక్షరము తీరునుబట్టి అనుమానము కలుగును. యంత్రము తప్పు చేసినచో అనుమానమే కలుగదు. అట్టి యంత్రములలో చిరకాలము వాడుకలోనుండినది అమోనియా ఆవిరితో బొమ్మ తేల్చు డయజో ఫిలిము. సూక్ష్మచిత్ర రూపమున గ్రంథముల మఱుప్రతులు తీయుటకును, కట్టడముల పటములు, ఊళ్ల పటములు తీయుటకును దీనిని వాడిరి. కంప్యూటరు, స్కానరు వచ్చిన పిదప దీని వాడుక చాలవఱకు తగ్గినది. కాని అది తీసిన ప్రతులు మాత్రము పెట్టెలలో, బీరువాలలో మిగిలియున్నవి. వానిని చదువువాడు దాని గుణదోషములు ఎఱుగక తీరదు.

ఈ విద్య పుట్టుకను రెండు మాటలలో చెప్పుట యుక్తము. డయజో జాతి రసాయనములను 1858లో పీటర్ గ్రీస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. వెలుతురు సోకిన అవి నశించునని గ్రహించి 1890లో గ్రీన్, క్రాస్, బెవన్ అను మువ్వురు ఇంగ్లండునందు బట్టపై బొమ్మలు తీయజూచిరి. కాని దీనిని ప్రతులు తీయు పనికి యోగ్యముగా తీర్చినవాడు బాయిరొన్ మఠమునందలి కోగెల్ అను క్రైస్తవ సన్యాసి. ఆయన వృత్తి పాతపుస్తకములతో. ఐరోపాలో పూర్వము చర్మపత్రములపై వ్రాసినదానిని గీకివైచి, దానిపైననే మఱియొక గ్రంథము వ్రాయు అలవాటుండెను. గీకిన అడుగు వ్రాతను అతినీలలోహిత కిరణముల సాయమున చదువుటకు కోగెల్ ప్రయత్నించుచుండెను. ఆ కిరణములతో పనిచేయుచునే డయజో కాగితమును తీర్చెను. కల్లే అను జర్మను కంపెనీ 1920లలో దానిని 'ఓజలిడ్' అను పేర విపణిలోనికి తెచ్చెను. డయజో అను మాటను రోమను లిపిలో తలక్రిందులుగా వ్రాసి, నడుమ ఒక లకారము చేర్చిన ఆ పేరు వచ్చును. చిత్రకవిత్వమున విలోమ పద్యములు చదివినవారికి ఈ పేరు వింతగానుండదు. చెరిగిన అక్షరము నెట్లైన చదువవలెనను తపన గలవాడు ఇంజనీర్లకు పటములు తీయు సాధనము నిచ్చెననుట మాత్రము గ్రంథాలయములవారు గుర్తుంచుకొనదగినది.

ఇక దాని తీరు. తాటాకుపై గంటముతో వ్రాసినంతనే అక్షరములు కనబడవు. ఆకుపై మసి రుద్దినగాని గాట్లలో నలుపు నిలిచి వ్రాత తేలదు. డయజో ఫిలిమునందును పని రెండు విడతలుగా జరుగును. మొదటిది వెలుతురు, రెండవది ఆవిరి. ఫిలిముపై సన్నని రాల పూతయుండును. ఆ పూతలో డయజో లవణము, దానితో కలసి రంగగు మఱియొక పదార్థము, ఆ రెంటిని కలియనీయక కావలి కాయు కొంచెము పులుసు, అనగా ఆమ్లము, ఉండును. మూలపటమును ఈ ఫిలిముపై అంటించి బలమైన దీపము వెలుగునకు పెట్టుదురు. పటములో తెల్లగానున్న చోట కిరణములు దూరి డయజోను విఱుగగొట్టును; అది నత్రజనిని విడిచి నిర్వీర్యమగును. నల్లని గీత క్రింద కిరణము చేరదు గనుక అచ్చట డయజో మిగులును. పిమ్మట అమోనియా ఆవిరిలో పెట్టినచో ఆవిరి క్షారము కాబట్టి ఆమ్లపు కావలిని తొలగించును. మిగిలిన డయజో తన జతతో కలసి రంగగును. గీతయున్నచోట గీత, తెలుపున్నచోట తెలుపు. వెండి ఫిలిములో వలె నలుపు తెలుపులు తాఱుమాఱు కావు.

అమోనియా పల్లెవారికి కొత్తది కాదు. నవాసారమును సున్నముతో కలిపి నలిపిన ముక్కునకు తగులు ఘాటు అదియే. శుభ్రము చేయని పశువుల సాలలో తెల్లవాఱి కన్ను మండించునదియు అదియే. యంత్రములలో వాడు అమోనియా నీరు నూటికి ఇంచుమించు 28 పాళ్లు అమోనియా గల బలమైన ద్రవము. కొన్ని యంత్రములలో నీరు లేని వాయువునే వాడుదురు. అచ్చటను పని జరుగుటకు కొంత తేమ కావలసియుండును.

ఈ పద్ధతిలో ఒక ముఖ్య విశేషము కలదు. దోషవిచారమునకు తాళపుచెవి యదియే. వెండి ఫిలిమును మందునీటిలో ఎక్కువసేపు ఉంచిన బొమ్మ నల్లబడి చెడును. డయజో ఫిలిమును ఆవిరిలో ఎంతసేపు ఉంచినను మిగిలియున్న డయజోకు మించి రంగు రాదు. అనగా వెలుతురు హద్దు మీఱవచ్చును గాని ఆవిరి హద్దు మీఱదు. ఆవిరి తక్కువ కావచ్చును, అంతే. కావున ప్రతి పాలిపోయి వచ్చినపుడు పనివాడు మొదట చేయవలసినది దీపమును తాకుట కాదు; అదే ప్రతిని మఱల ఆవిరిలో నడుపుట. రెండవసారికి గీతలు చిక్కబడినచో తప్పు ఆవిరిది. మార్పు లేనిచో వెలుతురుదో, ఫిలిముదో, మూలపటముదో. వైద్యుడు నిదానము చూడక మందు మార్చిన రోగము రెండగును. దీపపు వేగమును, ఆవిరి వేడిని ఒకేసారి మార్చిన పనివానికి ఏది పనిచేసినదో ఎన్నటికిని తెలియదు.

మూలపటమును పక్కనబెట్టి ఫిలిమును, ఆవిరిని, దీపమును పరీక్షించుటకు తర్కశాస్త్రములోని అన్వయ వ్యతిరేకములే చాలును. రెండు చిన్న ఫిలిము ముక్కలు కోయవలెను. ఒకదానికి వెలుతురు చూపకయే ఆవిరిలో పెట్టవలెను. అది నిండు రంగు తేలవలెను. రెండవదానిపై ఏ పటమును ఉంచక దీపమునకు పూర్తిగా చూపి, పిమ్మట ఆవిరిలో పెట్టవలెను. అది నిర్మలముగా ఉండవలెను. మొదటిది పాలిపోయినచో ఆవిరియో ఫిలిమో దోషి. రెండవది మసకబాఱినచో దీపమో ఫిలిమో దోషి. రెండును సరిగానున్నచో ఆ మూటిని వదలి, మూలపటమును, అది ఫిలిముకు అంటుకొన్న తీరును, దీపమునకు చూపిన వేళను పరీక్షింపవలెను.

మొదటి ముక్క పాలిపోయినపుడు ఆవిరి ఫిలిముల తగవు తీర్చుటకు గృహోపకరణమే చాలును. మూతగల గాజు ఊరగాయ జాడీ అడుగున కొత్త సీసానుండి తీసిన అమోనియాతో తడిపిన దూది పెట్టి, దానికి తగులకుండ ఫిలిము ముక్కను పైన వ్రేలాడగట్టి మూత పెట్టవలెను. కొంతసేపటికి రంగు నిండుగా వచ్చినచో ఫిలిము మంచిది, యంత్రపు ఆవిరియే బలహీనము. జాడీలోను రాకున్నచో డయజో అంతకుముందే నశించినది. అది పాతబడిన ఫిలిమో, ఎవరో పెట్టె తెఱచి ఎండవెలుగున ఉంచినదో కావలెను. ఈ ఫిలిము సాధారణ దీపపు పసుపు వెలుగును కొంతసేపు ఓర్చును గాని కిటికీ వెలుగును, ట్యూబులైటును చాలసేపు ఓర్వదు. చీకటిగది అక్కఱలేదనుమాట విని దానిని కిటికీకడ బల్లపై పఱచువారు కలరు. అట్టి పెట్టెలో అంచులు పాలిపోయి నడుమ సరిగానుండు ప్రతులు వచ్చును. కారణమునకై యంత్రమును విప్పిన ప్రయోజనములేదు.

ఆవిరి బలహీనమగుటకు తఱచు కారణము మూత. అమోనియా నీటిలోనుండి సదా పోవుచునే యుండును. మూత సరిగా బిగింపని సీసాలో మిగులునది ఇంచుమించు నీరే. వాసన ఘాటుగానున్నదిగదా యని పనివాడు వాదించును. ముక్కు చాల కొద్ది అమోనియాకే మండును గాన దాని సాక్ష్యము చెల్లదు. రెండవ కారణము వేడి చాలమి. పూత రాలతో చేసినది. ఆవిరి దానిలో దూరుటకు గది వేడెక్కియుండవలెను. ప్రొద్దుట యంత్రము తిప్పినంతనే తీసిన మొదటి ప్రతులు పాలిపోవుటకును, మధ్యాహ్నపు ప్రతులు నిండుగా వచ్చుటకును ఇదియే హేతువు. గది చాలినంత వేడెక్కకముందే అమోనియా నీటిని వదలినచో మఱియొక చిక్కు పుట్టును: ఆవిరి గోడలపై చల్లబడి బొట్లు కట్టును. ఆ బొట్లు ఫిలిముపై రాలిన చోట గుండ్రని మచ్చలు, కాఱిన చోట చాఱలు. విశాఖ తీరపు గాలిలో తేమ మెండు. వానకాలమున యంత్రపు మూతలోపల ఉదయము తడి పట్టియుండుట తఱచు. ముందు వేడి, పిమ్మట ద్రవము. పని ముగించునపుడు వరుస తిరుగబడవలెను, ముందు ద్రవము కట్టివేసి కొంతసేపు వేడి నడుపవలెను.

మసకబాఱిన నేపథ్యమునకు కారణము సామాన్యముగా వెలుతురు చాలమి. తెల్లని చోట్లనుండు డయజో అంతయు చావక కొంత మిగిలి, ఆవిరిలో లేత రంగై పఱచుకొనును. పనివాడు దీపమును చూచి బాగుగనే వెలుగుచున్నదనును. ఇచ్చట కన్ను మోసపోవును. డయజోను విఱుచునవి సుమారు 350 మొదలు 420 నానోమీటర్ల కిరణములు. అందు పెక్కు కన్ను చూడజాలనివి. పాదరసపు ఆవిరి దీపము ముసలిదగునపుడు కంటికి కనబడు వెలుగుకంటె కనబడని కిరణములే ముందుగా తగ్గును. దీపముపైగాని గాజుపైగాని పట్టిన జిడ్డును, ధూళియు ఈ కిరణములనే ఎక్కువగా త్రాగును. కరెంటు ఒత్తిడి తగ్గిన వేళ దీపమును సోలును. సాయంత్రము తీసిన ప్రతులు మాత్రమే మసకబాఱుచున్నచో తీగల సంగతి చూడవలెను. దీపము మార్చిన తేదీని యంత్రముపై ఒక చీటీ వ్రాసి అంటించిన సగము వివాదములు పోవును.

నిండుగ వెలుతురు చూపినను మసక పోనిచో ఫిలిములో ముందే రంగు పుట్టినదని అర్థము. అట్లు పుట్టిన రంగును వెలుతురు చెఱుపజాలదు. దీనికి కారణములు మూడు: ఉక్క, కాలము, అమోనియా పొరుగు. ఫిలిము పెట్టెలను అమోనియా సీసాలున్న గదిలోనే ఉంచుట చౌకయైన ఏర్పాటువలె కనబడును గాని, సీసాలనుండి వెడలు కొద్దిపాటి ఆవిరియే పెట్టెలలో దూరి ఆమ్లపు కావలిని కరగించును. పాలగిన్నె ప్రక్కను మజ్జిగ పెట్టినట్లే. రెంటికి వేఱు గదులుండవలెను.

ఇంతవఱకు చెప్పినవానిలో ఒక మెలికయున్నది. మూలము తెల్లని నేలపై నల్లని గీతలుగల పటమైనచో వెలుతురు ఎక్కువగుట గీతలను సన్నగించి చివరకు మాయము చేయును. మూలము నల్లని నేలపై తెల్లని అక్షరములుగల సూక్ష్మచిత్రమైనచో, గ్రంథముల సూక్ష్మచిత్రములు పెక్కు ఇట్టివే, వెలుతురు ఎక్కువైన అక్షరములు లావెక్కి నేల పాలిపోవును; తక్కువైన సన్నని గీతలు పూడుకొనిపోవును. ఒకే తప్పు రెండు చోట్ల రెండు వేషములు వేయును. మూలము ఏ జాతిదో చూడక 'వెలుతురు తగ్గింపు'మని చెప్పువాని మాట సగముసార్లు కీడే చేయును.

ఈ పూడికవలన కలుగు నష్టమెట్టిదో తెలుగు లిపి తెలిసినవారికి చెప్పవలెనా? 'ధాత' అను మాటలో అడుగున నుండు చిన్న నిలువుగీత పోయిన 'దాత' యగును. ఒకడు బ్రహ్మ, ఒకడు ఈవి గలవాడు. పద్యములో గణము చెడదు. దధలకు యతిమైత్రి కలదు గనుక యతియు చెడదు. అర్థమును ఎట్లో ఒకట్లు కుదుర్చుకొనవచ్చును. పరిష్కర్త దానిని పాఠభేదమని అడుగున చూపును. లేదా పాత లేఖకులు ఒత్తులను విడిచివ్రాయుట సామాన్యముగనుక లేఖకుని దోషమని నిర్ణయించును. ఏ లేఖకుడును చేయని ఆ తప్పును ఒక మధ్యాహ్నము ముసలిదీపము చేసినదని ఎవరికి తోచును? పఫల సంగతియు నంతే, వత్తు గీతయెంత సన్ననిదో అంత ప్రమాదము. అంకెలలోను 8 ఎడమ వంపులు తెగిన 3గా చదువబడును. సర్వే నంబరులో అట్లు జరిగినచో పద్యమువలె సమన్వయము చేయుటకు వీలులేదు.

గీత లావగుటకు మఱియొక కారణము అంటుకొనమి. మూలమును ఫిలిమును పొర పొరకు తాకునట్లు ముఖాముఖి పెట్టవలెను. వెన్ను వైపు పెట్టినచో నడుమ ఫిలిము మందము అడ్డుపడి కిరణము ప్రక్కలకు వ్యాపించి గీత అంచులు చెదరును. గాజు సరిగా నొక్కకున్నను, పట్టీ వదులైనను ఫలితమదియే. ఐతే ఇది ప్రతి అంతటను గాక ఒక వైపుననో నడుమనో కనబడును. ఒక మూల మాత్రము మసకగానుండి తక్కినది స్ఫుటముగానున్న ప్రతిని చూచి అమోనియాను నిందింపరాదు. నీటిపై నూనెపొరలో కనబడు వలయములవంటివి ప్రతిలో వచ్చుచున్నచో రెండు నున్నని తలములు పూర్తిగా అంటక, సన్నని గాలిపొర నడుమ మిగిలినదని గుర్తు.

గ్రామపటములకు ఇది యెంత ముఖ్యమో లెక్కవేసి చూడవచ్చును. మదరాసు రాజధానినాటి గ్రామపటములు మైలుకు 16 అంగుళముల మానమున గీచినవి. అనగా పటమునకును నేలకును నిష్పత్తి 1కి 3960. పటముపై పావు మిల్లీమీటరు గీత నేలపై ఇంచుమించు ఒక మీటరు. అంటు చెడి ఆ గీత అరమిల్లీమీటరైనచో సరిహద్దు రెండు మీటర్ల పట్టీ యగును. ఆ పట్టీలో గట్టెవనిది? పరవాడ మండలములో భూమి విలువ పూర్వపు విలువ కాదు. సింహాద్రి తాపవిద్యుత్కేంద్రము 2002లో విద్యుదుత్పత్తి ప్రారంభించినది. పిమ్మట మందుల కర్మాగారముల నగరము వెలసినది. పొలములు పరిశ్రమలకు పోయినచోట నష్టపరిహారము సెంట్లలెక్కన నడచును గాని గీతల మందమును ఎవరును లెక్కింపరు. సరిహద్దును పటముపై స్కేలుతో కొలిచి తేల్చుట తప్పని, క్షేత్రపు కొలతల పుస్తకములో వ్రాసిన గొలుసులు లింకులే ప్రమాణమని తెలిసినవారు చెప్పుట ఇందుకే. అంకెకు మందము లేదు.

కాగితపు ప్రతులతో మఱియొక బాధ కలదు, సాగుట. తేమలో కాగితము పెరిగి, ఎండలో ముడుచుకొనును. నిడివి నూటికి ఒకటి పెరిగిన విస్తీర్ణము నూటికి ఇంచుమించు రెండు పెరుగును. ఎకరమునకు రెండు సెంట్లు. పాలియెస్టరు ఫిలిముపై తీసిన ప్రతులు ఈ విషయమున చాల మేలు.

లేని గీతలు పుట్టుట సంగతి చూతము. ధూళికణము కిరణమును అడ్డుకొనును; దాని నీడలో డయజో మిగిలి రంగగును. కనుక మూలముపై వెండ్రుకయున్నచో ప్రతిలో చక్కని నల్లని గీత. సూక్ష్మచిత్రమును 24 రెట్లు కుదించి తీసినచో దానిపై పదవవంతు మిల్లీమీటరు నలుసు చదువునపుడు రెండు మిల్లీమీటర్లకు పైబడిన మచ్చ యగును. ఒక అక్షరమును మింగుటకది చాలును. వెండ్రుక గీతను సరిహద్దు గీతనుండి వేఱుచేయుటకు ఒకటే ఉపాయము: మూలమును తుడిచి రెండవ ప్రతి తీసి రెంటిని పోల్చుట. నలుసు చోటు మాఱును లేదా మాయమగును, గీత మాఱదు. రెండు ప్రతులలోను ఒకేచోట నిలిచినచో అది మూలమునందో యంత్రపు గాజునందో ఉన్నది. మూలమును కొంచెము ప్రక్కకు జరిపి మూడవ ప్రతి తీసిన ఆ సంశయమును తీరును.

మూలపటపు రంగులు చేయు మోసములు వేఱొక తెగ. కంటికి ఏది లేతయో దీపమునకది లేత కాదు. పసుపు రంగు నీలలోహిత కిరణములను త్రాగును. ట్రేసింగుగుడ్డపై పసుపుచేయి పడి, తుడిచినను కనబడీ కనబడని మరక మిగిలినచో, ప్రతిలో అది చెఱువువలె నల్లగా తేలును. పాతబడి పసుపువాఱిన కాగితము, నూనె మరక, గోందు మరక, అతుకుల పట్టీ అన్నియు ఇట్లే. నీలిసిరా దీనికి విరుద్ధము: కంటికి బాగుగ కనబడు నీలిగీత నీలకిరణములను చాల దూరనిచ్చును గనుక ప్రతిలో పలుచబడును. లేత పెన్సిలు గీతయు నంతే. మరకలున్న మూలమునకు వెలుతురు పెంచినచో మరక పలుచబడును గాని దానితో నీలిగీతలును పోవును. అట్టిచోట ఒకటి నేలను శుభ్రముగా చూపు ప్రతి, ఒకటి సన్నని గీతలను నిలుపు ప్రతి, రెండు తీసి జతగా ఉంచుటయే న్యాయము. ఒక్క ప్రతిలో అన్నియు కావలెనను పట్టుదలవలన రెండును చెడుచుండును.

అన్నిటికంటె సూక్ష్మమైన నష్టము ఎఱ్ఱసిరాది. మూలముపై తరువాత చేసిన మార్పులను, విభజనలను నల్లగీతలనుండి వేఱుగా తెలియుటకు ఎఱ్ఱసిరాతో చూపుట కచేరీల వాడుక. ఎఱుపు ఈ కిరణములను అడ్డగించును. కావున ప్రతిలో స్పష్టముగనే వచ్చును. కాని అచ్చట ఉన్నది ఒకే రంగు. మొదటి గీత యేదో, పిమ్మట చేర్చినదేదో ప్రతి చెప్పదు. బొమ్మలో ఏ దోషమును లేదు. నేల నిర్మలము, గీత స్ఫుటము, అంచులు వాడి. ఐనను అన్నదమ్ముల పంపకమునకు ముందటి సరిహద్దును తరువాతి సరిహద్దును కలసిపోయినవి. యంత్రమును ఎంత సవరించినను ఇది పోదు. ప్రతి తీయకముందు ఎఱ్ఱగీతల ప్రక్కన నల్లసిరాతో చిన్న గుర్తులు పెట్టుట, లేక ఎఱ్ఱగీతల పట్టికను వేఱుగా వ్రాసి జతపఱచుట తప్ప మార్గములేదు. 1948నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట జమీను గ్రామములు రైత్వారీ సర్వేకు వచ్చినవి. 1984లో కరణముల పదవులు రద్దయినవి. ఏ గీత ఎన్నడు చేరినదో నోట చెప్పగల మనుష్యులు దానితో కచేరీనుండి తొలగిరి. 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల పునఃసర్వే ఆకాశమునుండి కొలిచినను, తగవు వచ్చినచోట పాత పటమునే తెమ్మందురు. అప్పుడు బయటకు వచ్చునది మూలమో ప్రతియో ముందుగా తెలియవలెను.

ప్రతి మంచిదైనను శాశ్వతము కాదు. డయజో రంగు వెలుగులో వెలిసిపోవును. చదువు యంత్రపు దీపము క్రింద ఒకే పుటను గంటలతరబడి ఉంచిన ఆ పుట పాలిపోవును. ఎక్కువమంది చదివిన పుటయే ముందుగా పోవుననుట దీనిలోని అన్యాయము. నేలయు కాలక్రమమున పసుపువాఱును. కాబట్టి గ్రంథాలయములు వెండి ఫిలిమును మూలముగ దాచి, డయజోను చదువరుల చేతికిచ్చుట మంచి పద్ధతి. ఆ రెంటిని ఒకే డబ్బాలో ఉంచరాదు. డయజో ప్రతినుండియే స్కాను తీయవలసివచ్చినచో ఇంకను పాలిపోకముందే తీయవలెను. పాలిపోయినదానిని కంప్యూటరులో నల్లజేయవచ్చును గాని పోయిన ఒత్తును అది తిరిగి తేజాలదు.

పనివాని కన్నుల సంగతి చెప్పక విడువరాదు. అమోనియా సీసాను వేసవిలో చల్లబఱచక తెఱచిన ద్రవము పైకి చిమ్మును. కంటబడినచో వెంటనే చాలసేపు నీటితో కడిగి వైద్యునికడకు పోవలెను. గాలి ఆడని గదిలో యంత్రమును నడుపరాదు. బ్లీచింగు పొడితో గది కడుగువారు అమోనియా ఒలికినచోట దానిని చల్లరాదు. రెండు కలసిన విషవాయువు పుట్టును. ఈ జాగ్రత్తలు బొమ్మకు సంబంధింపవని పాఠములలో వెనుక వ్రాయుదురు. పనివాడు కన్ను మండుచు తీసిన ప్రతిని సరిచూడజాలడు గనుక ఇవియు బొమ్మకు సంబంధించినవే.

గ్రంథాలయమునకు ఇట్టి ప్రతులు కానుకగా వచ్చినపుడు వానిని బీరువాలో పెట్టకముందు తెల్లకాగితముపై పఱచి, ఒక మూలనుండి మఱియొక మూలకు గీత మందము సమముగానున్నదా, నేల ఒకే తీరుననున్నదా, గుండ్రని మచ్చలున్నవా అని చూడవలెను. అనుమానమున్న అక్షరము, అంకె, గీత ఎచ్చటనున్నవో వరుసగా వ్రాసికొనవలెను. ఇక కొత్తగా ప్రతి తీయించునపుడు మూలము ఎచ్చటిది, ఏ తేదీన తీసినది, దానిపై ఎఱ్ఱగీతలెన్ని, ఎవరు పోల్చి చూచినది అను వివరములను ఒక ట్రేసింగు చీటిపై నల్లసిరాతో వ్రాసి మూలపు అంచున చేర్చి పెట్టి తీయింపవలెను. నీలిసిరా వాడరాదు. నల్లసిరా వివరము ప్రతితోకూడ వచ్చును, ఆ ప్రతికి మఱుప్రతి తీసినను వచ్చును.